పంటచెఱుపు జంతువుల వేటకు రైఫిలు కాలిబరు నెన్నుకొను విధము

రైతు చేనిలో విత్తిన గింజకు శత్రువులు మూడు విధములు: పురుగు, తెగులు, జంతువు. మొదటి రెండింటిని గూర్చి కరపత్రములు పెక్కు వెలువడినవి. మూడవదానిని గూర్చి రైతులు తఱచుగా అడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ తుపాకి మంచిది?" అమెరికా దేశమున ఉద్యోగములు చేయుచున్న బంధువులు సెలవులకు ఇంటికి వచ్చినపుడు, అచ్చటి రైతులు రైఫిళ్లతో పంటను కాపాడుకొను సంగతి చెప్పుచుందురు. అది విని, అట్టి రైఫిలు మనకును ఉండినచో అడవిపందుల బాధ తీఱునని తలంచువారు గలరు. అమెరికా రైతు ఏ జంతువునకు ఏ కొలత గుండును, ఏ కారణముచేత ఎన్నుకొనునో తెలిసికొనినచో, ఆ తలంపులో నిజమెంతయో పొరపాటెంతయో తేటపడును. ఈ పత్రము వ్రాయుటకు అదియే కారణము.

మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. తగిలిన గుండును గూర్చి అందఱును ఆలోచింతురు. తప్పిన గుండు ఎచ్చట ఆగునో ఆలోచించి కాలిబరు నిర్ణయించువాడే తెలిసిన రైతు. ఈ క్రింద వ్రాయబడిన సంగతులన్నియు ఈ యొక్క మాటకు వివరణములే.

1. కాలిబరు అననేమి?

రైఫిలు గొట్టము లోపలి వ్యాసమును కాలిబరు అందురు. ఇంగ్లీషువారి లెక్కలోను అమెరికావారి లెక్కలోను దీనిని అంగుళములో నూఱవ వంతులుగా గాని వేయవ వంతులుగా గాని చెప్పుదురు. .22 అనగా అంగుళములో నూటికి 22 పాళ్లు. పావు అంగుళమునకు కొంచెము తక్కువ. మన పల్లెలలోని నాటు తుపాకి గొట్టము లోపల నునుపుగా నుండును. రైఫిలు గొట్టములోపల మెలికలు తిరిగిన గాడులుండును. ఆ గాడులు గుండును బొంగరమువలె త్రిప్పి వదలును. తిరుగుచున్న బొంగరము ఒరిగిపోక నిలుచునట్లు, తిరుగుచున్న గుండు దారి తప్పక పోవును. అందుచేతనే రైఫిలు గుఱి దూరమునకు నిలుచును.

తూటాల పేరులను చూచి మోసపోరాదు. .222 రెమింగ్టను, .223 రెమింగ్టను, .220 స్విఫ్టు, .22-250 రెమింగ్టను అను నాలుగు తూటాలు పేరున వేఱువేఱుగా నున్నను, నాలుగింటి గుండు వ్యాసమును 0.224 అంగుళమే. గుండు వెనుకనుండు మందు పరిమాణములోను, ఇత్తడి డొప్ప ఆకారములోను మాత్రము భేదము గలదు. ఒక గ్రామమున ఒకే పేరుగల ఇద్దఱు పట్టాదారులున్నచో, తండ్రిపేరు చూడక పట్టా వ్రాయరాదు. అట్లే గుండు వ్యాసమొక్కటి చూచి తూటా కొనరాదు. రైఫిలు గొట్టముమీద చెక్కిన పూర్తి పేరును, తూటా పెట్టెమీది పూర్తి పేరును అక్షరమక్షరము సరిపోల్చి కొనవలెను. ఒక తుపాకికి ఏర్పడిన తూటాను వేఱొక తుపాకిలో పెట్టి కాల్చినచో గొట్టము పగిలి, కాల్చినవాని కన్నో చేయియో పోవుట కలదు.

గుండు బరువును గ్రెయినులలో చెప్పుదురు. మన పాత తులము 180 గ్రెయినులు. 55 గ్రెయినుల గుండు అనగా తులములో మూడవ వంతుకన్న తక్కువ. ఇంత చిన్న వస్తువునకు బలము ఎచ్చటనుండి వచ్చునని అడుగవచ్చును. బలము వేగమునుండి వచ్చును. బరువు రెట్టింపైన బలము రెట్టింపగును. వేగము రెట్టింపైన బలము నాలుగు రెట్లగును. .22 లాంగు రైఫిలు అను చిన్న తూటా 40 గ్రెయినుల గుండును సెకండునకు సుమారు 1,200 అడుగుల వేగముతో విడుచును. .223 రెమింగ్టను 55 గ్రెయినుల గుండును సెకండునకు 3,240 అడుగుల వేగముతో విడుచును. వ్యాసము ఇంచుమించుగా ఒకటియే అయినను, రెండవదాని బలము మొదటిదానికి సుమారు పది రెట్లు.

2. అమెరికా రైతుకు శత్రువులైన జంతువులు

పంటను, గొఱ్ఱెపిల్లలను పాడుచేయు జంతువును అమెరికా పల్లెవారు "వర్మింటు" అందురు. ఇది ఇంగ్లీషునందలి "వర్మిన్" అను మాటకు పల్లెటూరి ఉచ్చారణ. తెలుగున దీనిని పంటచెఱుపు జంతువు అనవచ్చును. వీనిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది ఉడ్‌చక్కు. దీనినే గ్రౌండుహాగు అనియు అందురు. ఇది ఉడుతల కుటుంబమునకు చేరినది. రెండు మొదలు ఆఱు కిలోల వఱకు తూగును. తూర్పు రాష్ట్రములలో గడ్డిచేల నడుమను, సోయాచిక్కుడు చేల గట్లవెంటను లోతైన బొరియలు త్రవ్వి నివసించును. లేతమొక్కలను కొఱికివేయుట ఒక నష్టము. ఆ బొరియలలో గుఱ్ఱముల కాళ్లు దిగబడుట, ట్రాక్టరు చక్రములు ఒరుగుట రెండవ నష్టము.

రెండవది ప్రెయిరీ డాగు. పేరున కుక్క యైనను ఇదియు ఉడుతల కుటుంబములోనిదే. బరువు ఒక కిలోకు అటునిటుగా నుండును. పడమటి మైదానములలో గుంపులు గుంపులుగా బొరియలు త్రవ్వి, పశువులు మేయు గడ్డిని తినివేయును. మూడవది కొయోటీ. ఇది మన నక్కను పోలిన జంతువు; పది మొదలు ఇరువది కిలోల వఱకు తూగును; గొఱ్ఱెపిల్లలను ఎత్తుకొనిపోవును.

వీనిని ఎచ్చట, ఎప్పుడు, ఏ అనుమతితో చంపవచ్చునో ఆ దేశమున ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క చట్టము గలదు. ప్రెయిరీ డాగు జాతులు అయిదింటిలో యూటా రాష్ట్రపు జాతి 1973 నుండి కేంద్ర చట్టపు రక్షణలోనున్నది. కావున అమెరికాలో ఎవడైనను దేనినైనను కాల్చవచ్చునను మాట సత్యము కాదు.

3. ఏ తూటా ఎంత దూరమునకు?

జంతువు చిన్నది; దూరము పెద్దది. ఈ రెండింటినిబట్టి అమెరికావారు నూఱు సంవత్సరములకు పైగా తూటాలను మార్చుకొనుచు వచ్చిరి. వాని క్రమము తెలిసికొనినచో ఎన్నిక తేలికయగును.

.22 లాంగు రైఫిలు. 1887 నాటిది. వెల తక్కువ, మ్రోత తక్కువ. కొట్టాము చుట్టుప్రక్కల 50 గజములలోని పనికి సరిపోవును. 50 గజములకు గుఱి సరిచేసిన రైఫిలుతో 100 గజములకు కాల్చినచో గుండు సుమారు ఆఱు అంగుళములు క్రిందికి దిగును. ఉడ్‌చక్కు తలయే నాలుగు అంగుళములుండదు. కాబట్టి దూరము సరిగా అంచనా కట్టలేనివాడు జంతువును గాయపఱచి బొరియలోనికి పంపును. అది లోపల రోజులతరబడి బాధపడి చచ్చును. అట్టి పని రైతుకు తగదు.

.17 హెచ్.ఎం.ఆర్. 2002లో వెలువడినది. గుండు బరువు 17 గ్రెయినులు, అనగా తులములో పదవ వంతుకన్న తక్కువ. వేగము సెకండునకు 2,550 అడుగులు. చిన్న జంతువులకు 100 మొదలు 150 గజముల వఱకు పనికివచ్చును. గాలి గట్టిగా వీచునపుడు ఇంత తేలికైన గుండు ప్రక్కకు కొట్టుకొనిపోవును.

.22 హార్నెట్టు. 1930లో బజారులోనికి వచ్చినది. 45 గ్రెయినుల గుండు. నేటి తూటాలలో వేగము సుమారు 2,700 అడుగులు. 150 గజముల వఱకు ఉడ్‌చక్కునకు చాలును. దీని మ్రోత మితముగా నుండుటచేత ఇండ్లు దగ్గఱగానున్న ప్రాంతముల రైతులు దీనిని ఇష్టపడిరి.

.222 రెమింగ్టను. 1950లో వచ్చినది. గుఱి నిలుకడకు పేరుపొందినది. 200 గజములు దాటి కొంతదూరము వఱకు నమ్మవచ్చును.

.223 రెమింగ్టను. 1964లో వచ్చినది. అమెరికా సైన్యపు 5.56 మిల్లీమీటర్ల తూటాకు దగ్గఱి చుట్టము. అందుచేత తూటాలు విరివిగాను చౌకగాను దొరకును. 250 మొదలు 300 గజముల వఱకు పనిచేయును. అయితే సైన్యపు తూటాను, .223 అని మాత్రమే చెక్కిన రైఫిలులో కాల్చరాదు. గొట్టములోని ఒత్తిడి హద్దు మీఱవచ్చును.

.22-250 రెమింగ్టను. 1915 నాటి .250 సావేజు డొప్పను సన్నముచేసి కొందఱు తుపాకి పనివారు స్వయముగా తయారుచేసికొనిన తూటా ఇది. 1965లో రెమింగ్టను కంపెనీ దీనిని తన పేరున చేర్చుకొనెను. 55 గ్రెయినుల గుండు, వేగము 3,680 అడుగులు. విశాలమైన మైదానములలో 350 గజముల వఱకును, నేర్పరులకు అంతకు మించియు ఉపయోగపడును.

.220 స్విఫ్టు. 1935లో వించెస్టరు కంపెనీ వెలువరించినది. 48 గ్రెయినుల గుండు 4,110 అడుగుల వేగముతో వెడలును. ఇంత వేగమునకు మూల్యము గొట్టము చెల్లించును. వరుసగా కాల్చినచో గొట్టము వేడెక్కి, లోపలి గాడులు త్వరగా అరుగును.

.243 వించెస్టరు. 1955లో వచ్చినది. గుండు 80 మొదలు 100 గ్రెయినులు. బరువు హెచ్చుటచేత గాలికి తక్కువగా చెదరును. కొయోటీకిని, చిన్నజాతి జింకకును ఒకే రైఫిలు కావలెనను రైతు దీనిని కొనును. రెండు కిలోల ఉడ్‌చక్కునకు ఇది అవసరమునకు మించినది.

ఈ దూరములు గుఱి నేర్చినవానికి, రైఫిలును బల్లమీద గాని సంచిమీద గాని ఆనించి కాల్చువానికి వర్తించును. చేతిలో పట్టుకొని నిలువుననే కాల్చువాడు వీనిలో మూడవ వంతు తనదని అనుకొనిన చాలును.

4. గుండు ఆగు చోటు

ఇదియే ఈ పత్రమునకు హృదయము. .22 లాంగు రైఫిలు తూటా పెట్టెమీదనే, ఈ గుండు ఒకటిన్నర మైలు వఱకు ప్రమాదకరమని హెచ్చరిక ముద్రింపబడియుండును. అన్నింటిలో చిన్నదైన తూటా సంగతి ఇది. ఒకటిన్నర మైలనగా రెండున్నర కిలోమీటర్లకు కొంచెము తక్కువ. అంత దూరములో ఎన్ని ఇండ్లు, ఎన్ని బాటలు, ఎన్ని పశువుల మందలు ఉన్నవో రైతు తన గ్రామమును తలంచుకొని లెక్క వేసికొనవచ్చును.

చిన్న తూటా గనుక అపాయము తక్కువయని తలంచుట పొరపాటు. మెల్లగా పోవు మెత్తని సీసపు గుండు గట్టినేలకు గాని రాతికి గాని నీటికి గాని ఏటవాలుగా తగిలినపుడు విఱుగదు; పిల్లలు చెఱువు నీటిమీద విసరిన పెంకువలె ఎగిరి, అనుకొనని దిక్కునకు పోవును. పలుచని రాగిపొరతో చేసి, మిక్కిలి వేగముతో విడుచు గుండు సామాన్యముగా నేలకు తగిలిన వెంటనే ముక్కలు ముక్కలై అచ్చటనే ఆగిపోవును. అమెరికా రైతు తేలిక గుండును, హెచ్చు వేగమును కోరుటకు కారణము దూరమునకు కొట్టుట ఒక్కటే కాదు. తప్పిన గుండు తన మట్టిలోనే విఱిగిపోవుట రెండవ కారణము. ఈ సంగతి తెలియక, హెచ్చు బలముగల తూటాయే హెచ్చు అపాయమని తలంచి చిన్న .22ను కొనువారున్నారు. రాళ్లచేనిలో ఆ ఎన్నిక తలక్రిందులగును.

అయినను విఱుగు గుండును పూర్తిగా నమ్మరాదు. ఇందులకు కారణములు మూడు. గుండు నేలకు తగులక గట్టుమీదుగా పోయినచో అది విఱుగదు. దాని దారిన అది పోవును. మిక్కిలి దూరము పోయి వేగము తగ్గినపిమ్మట నేలకు తగిలినను విఱుగకపోవచ్చును. పెద్ద జంతువులకై చేసిన దళసరి పొరగల గుండు, తూటా పేరు అదేయైనను, విఱుగదు. కావున గుండు వెనుక మట్టిగట్టు ఉండవలెననునది ఏ కాలిబరుతోను మాఱని నియమము. జంతువు వెనుక ఆకాశము కనబడుచున్నచో కాల్చరాదు. జంతువు వెనుక చెట్లు మాత్రమే ఉన్నను కాల్చరాదు. ఆకులు గుండును ఆపవు, ఆకుల వెనుక ఎవరున్నారో తెలియదు. ఎత్తైన చోటనుండి క్రిందికి కాల్చినచో నేలయే గట్టగును.

5. గాలి, మ్రోత, వ్యయము

గాలి వలని తప్పు దూరము పెరిగినకొలది త్వరితముగా పెరుగును. 100 గజములకు ఒక వ్రేలు వెడల్పు ప్రక్కకు పోవు గుండు, 300 గజములకు మూడు వ్రేళ్లతో ఆగదు. అంతకు ఎన్నో రెట్లు పోవును. కావున ప్రతిదినము గాలి వీచు బయళ్లలో కొంచెము బరువైన గుండు మేలు. బరువైన గుండు పొడవుగా నుండును గనుక దానిని నిలుకడగా త్రిప్పుటకు గొట్టములోని మెలిక బిగువుగా నుండవలెను. 14 అంగుళములకు ఒక చుట్టు తిరుగు గాడులు 55 గ్రెయినుల వఱకు సరిపోవును; అంతకు బాగుగా మించిన గుండ్లకు 9 అంగుళములకో 8 అంగుళములకో ఒక చుట్టు కావలెను. రైఫిలు కొనునపుడే ఈ సంఖ్య అడిగి తెలిసికొనవలెను.

మ్రోత సంగతి చిన్నది కాదు. ఉదయమున పెద్ద మ్రోత వినబడినచో పొరుగువాని గుఱ్ఱము బెదరును, పాలిచ్చు ఆవు బెదరును. కాల్చువాని చెవులకు శాశ్వతముగా చెవుడు కలుగును. చెవులను మూసికొనక రైఫిలు కాల్చరాదు. ఇక వ్యయము: రైఫిలు ఒకమారు కొనునది, తూటాలు జీవితమంతయు కొనవలసినవి. అభ్యాసము లేనివాని చేతిలో ఏ కాలిబరును పనిచేయదు గనుక, వెల తక్కువై ప్రతి బజారులో దొరకు తూటాయే తుదకు మంచి తూటా. .223 అంత వ్యాప్తి చెందుటకు ముఖ్యకారణము ఇదియే.

6. ఒక కమతమును ఉదాహరణగా చూతము

పెన్సిల్వేనియాలో ఒక రైతునకు నలువది ఎకరముల గడ్డిచేను ఉన్నదనుకొందము. ఉడ్‌చక్కులు చేని నాలుగు గట్లవెంటను బొరియలు త్రవ్వినవి. ఉత్తరమున ఎత్తైన మట్టికొండ. దాని వాలు చేనిలోనికే దిగియున్నది. పడమట పొరుగువాని ఇల్లు, 400 గజముల దూరమున. దక్షిణమున రాతిగోడ, దాని ప్రక్క వాగు. తూర్పున నేల మెల్లగా లేచి గట్టుగా మారి, గట్టు కావల బడి బస్సు పోవు బాట.

ఈ రైతు కాలిబరు పేరుతో ఆరంభింపరాదు, దిక్కులతో ఆరంభింపవలెను. ఉత్తరపు వాలులోని జంతువులను 200 గజముల వఱకు కాల్చవచ్చును; గుండు మట్టిలో ఆగును. అందుకు .223లో పలుచని పొరగల గుండు చాలును; .22-250 అవసరము లేదు. దక్షిణపు గోడవెంట చిన్న .22 వాడినచో గుండు రాతినుండి ఎగురును. అచ్చట బోను పెట్టుట మేలు. పడమటి దిక్కున ఇంటివైపు ఏ కాలిబరుతోను కాల్చరాదు. తూర్పున జంతువు గట్టుమీద నిలిచినపుడు చక్కగా కనబడును, గుఱి సులభము. అయినను వెనుక ఆకాశమే గనుక కాల్చరాదు. నాలుగు దిక్కులలో ఒక దిక్కునకే రైఫిలు పనికివచ్చినది. మిగిలిన మూడు దిక్కులకు బోను, కంచె, ఓపిక. ఇట్లు లెక్క వేసినవాడు తనకు కావలసిన రైఫిలు తాను మొదట అనుకొనినదానికన్న చిన్నదని కనుగొనును.

7. చచ్చిన జంతువులోని సీసము

వేగముగా పోయి విఱిగిన సీసపు గుండు ఇసుకరేణువులంత ముక్కలై జంతువు మాంసములో చెదరును. ఆ కళేబరమును చేనిలో వదలివేసినచో గ్రద్దలు, రాబందులు వచ్చి తిని, సీసపు విషముచేత చచ్చును. ఎలుకలను పట్టి పంటకు మేలుచేయు పక్షిని రైతు తన చేతనే చంపుకొనినట్లగును. ఈ కారణముచేత కాలిఫోర్నియా రాష్ట్రము 2013లో శాసనముచేసి, 2019 జూలై 1 నుండి వన్యజంతువులను కాల్చుటకు సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించినది. రాగి గుండ్లు వాడుట, లేదా కళేబరమును లోతుగా పూడ్చుట దీనికి ఉపాయములు.

8. మన చేలకు ఇది ఎంతవఱకు వర్తించును?

ఇపుడు మన ప్రశ్నకు వచ్చెదము. తెలుగు రైతునకు పెద్ద శత్రువు అడవిపంది. వేరుసెనగ, మొక్కజొన్న, చెఱకు, వరి చేలను ఒక్క రాత్రిలో దున్నినట్లు చేయును. అమెరికా వర్మింటు రైఫిలు దీనికి తగునా? తగదు. దానికి కారణములు మూడు.

మొదటిది జంతువు. పెరిగిన మగపంది నూఱు కిలోల వఱకు తూగును. ఉడ్‌చక్కునకు ఇరువది రెట్లు. దాని భుజములమీది తోలు దళసరియై డాలువలె నుండును. నేలకు తగిలి ముక్కలగుటకై చేసిన గుండు ఆ తోలులోనే ముక్కలగును. పంది చావక గాయపడి చేనిలోనికి దూఱును. మఱునాడు ఉదయమున కంకులు విఱుచుటకు పోయిన కూలిమనిషికి అది ఎదురగును. రైతు కాల్చిన గుండునకు మూల్యము ఆమె చెల్లించును.

రెండవది నేల. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము తెలంగాణలోను ఆంధ్రప్రదేశములోను సగటు కమతము సుమారు ఒక హెక్టారు, అనగా రెండున్నర ఎకరములు. హెక్టారు చేను నలుచదరమైనచో ఒక్కొక్క ప్రక్క సుమారు 110 గజములు. 350 గజములకు ఏర్పడిన రైఫిలు గుండు, తగిలినను తప్పినను, మూడు కమతముల హద్దులు దాటును. ఆ మూడు కమతములలోను రాత్రి మంచెమీద కావలి పండుకొనినవారుందురు.

మూడవది కాలము. ఉడ్‌చక్కు పట్టపగలు బొరియముందు నిలుచును. అడవిపంది చీకటిలో వచ్చును. చీకటిలో గుండు ఆగు గట్టు కనబడదు. ఆకుల చప్పుడును గుఱిగా పెట్టుకొని కాల్చువాడు పందిని కాల్చుచున్నాడో, నీళ్లు పెట్టబోవు పొరుగురైతును కాల్చుచున్నాడో ఎఱుగడు.

మన చట్టములును ఈ మార్గమునే చూపుచున్నవి. 1959 నాటి ఆయుధముల చట్టము పంట కాపుదలకు నోటినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు చెప్పినది. అది చాలదని అధికారికి తోచినచో, ఇరువది అంగుళములకు తక్కువ కాని నునుపు గొట్టము గల వేఱు తుపాకికి ఇయ్యవచ్చును. అచ్చట రైఫిలు మాట లేదు. నునుపు గొట్టపు తుపాకిలోని చిన్నగుండ్ల వడి కొద్ది దూరములోనే తగ్గిపోవును. అయితే అదే తుపాకిలో ఒంటిగుండు పెట్టినచో అది దూరము పోవునని మఱువరాదు.

లైసెన్సు ఉన్నంతమాత్రమున వేటకు అనుమతి యున్నట్లు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అడవిపందిని అనుమతి లేక చంపుట నేరము. అది పంటకు అపాయకరమైనదని ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయనచే అధికారము పొందినవారు గాని తృప్తిపడినపుడు, కారణములు వ్రాసి, ఫలాని ప్రాంతమున చంపుటకు ఫలానివారికి వ్రాతమూలకముగా అనుమతి ఇయ్యవచ్చును. ఇట్లు చంపిన జంతువు సర్కారు సొత్తు, మాంసము పంచుకొనరాదు. కేంద్రప్రభుత్వము ఒక జంతువును ఒక ప్రాంతమునకు, ఒక కాలమునకు పంటచెఱుపు జంతువుగా ప్రకటింపవచ్చును; 2015-16 సంవత్సరములలో బీహారులోను ఉత్తరాఖండములోను అడవిపందిని గూర్చి అట్లు చేసినది. కేరళ ప్రభుత్వము 2022లో అనుమతినిచ్చు అధికారమును స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించినది. ఒక రాష్ట్రపు ఉత్తర్వు మఱియొక రాష్ట్రమున చెల్లదు.

అనుమతి వచ్చులోపల చేయదగిన పనులు లేకపోలేదు. వేరుసెనగ చేని చుట్టు ముండ్లుగల కుసుమను, మొక్కజొన్న చేని చుట్టు ఆముదమును దట్టముగా వరుసలు వేసినచో పంది లోనికి చొరుటకు వెనుదీయును. సౌరశక్తి కంచె క్షణకాలపు దెబ్బ కొట్టి బెదరించునే గాని చంపదు. ఇంటి కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలించుట మాత్రము ఎన్నడును కూడదు. ఇట్టి తీగలకు తగిలి రైతులు, కూలీలు, వారి పిల్లలు ప్రాణములు గోలుపోవుచున్నారు, పెట్టినవారు చెఱసాలల పాలగుచున్నారు. ఎఱలో మందుగుండు పెట్టుటయు అట్టిదే. 2020 మే నెలలో కేరళ రాష్ట్రపు పాలక్కాడు ప్రాంతమున చూలు ఏనుగు ఇట్టి ఎఱ నోట పేలి, నదిలో నిలిచి ప్రాణము విడిచెను. పంట పోయినపుడు నష్టము జరిగిన తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణము వ్రాసి, ఫోటో తీయించి, అటవీశాఖకు వెంటనే అర్జీ పెట్టవలెను. ఆలస్యమైనచో పంది అడుగులు చెరగును, సాక్ష్యము పోవును.

9. ముఖ్యాంశములు

(1) జంతువు బరువు, కాల్చు దూరము, గుండు ఆగు గట్టు: ఈ మూడును చూచిన పిమ్మటనే కాలిబరు చూడవలెను.

(2) చిన్న తూటా నిరపాయమని నమ్మరాదు. రాతిమీదను నీటిమీదను అదియే ఎగిరిపోవును.

(3) వెనుక మట్టి కనబడనిచో కాల్చరాదు. చప్పుడును, కదలికను, మినుకుమను కన్నులను చూచి కాల్చరాదు.

(4) గొట్టముమీది పేరును తూటామీది పేరును ఒకటిగా నుండవలెను.

(5) తేలికైన, విఱుగు గుండు ఉడ్‌చక్కునకు తగినది; అడవిపందికి తగదు.

(6) లైసెన్సు ఒకటి, వేట అనుమతి వేఱొకటి. రెండును వ్రాతలో చేతనుండనిదే తుపాకి ఎత్తరాదు.

(7) గాయపడిన జంతువు చేనిలో దూఱినచో ఆ రాత్రియే ఇరుగుపొరుగువారికి తెలియజేయవలెను. అటవీశాఖవారు వచ్చువఱకు చేనిలోనికి ఎవ్వరిని పోనీయరాదు.

పోయిన పంటను వచ్చు కారులో మరల విత్తుకొనవచ్చును. హద్దు దాటిపోయిన గుండును ఎవ్వరును వెనుకకు పిలువలేరు. కావున కాలిబరు నడుగుటకు ముందు రైతు తన చేని గట్టుమీద నిలిచి, నాలుగు దిక్కులను ఒకమారు పరికించి చూచుకొనునది.